పెద్దదాని సబ్బు

ఫిబ్రవరి 9

సెలూన్ ఆయన సబ్బుల పెట్టె తిరిగి తెచ్చిచ్చాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ మా సబ్బుతోనే గడ్డాలు గీస్తున్న మనిషి. గుమ్మంలో నిలబడి నసిగి నసిగి చివరికి బయటపెట్టాడు.

"నురుగు రాయగానే కస్టమర్లు మొహం పక్కకి తిప్పేసుకుంటున్నారమ్మా. కత్తి నా చేతిలో ఉంటుంది. ఏ చెవో తెగితే నా గతేం కాను?"

ఒక బిళ్ళ తీసి ఆయన ముందే వాసన చూశాను. ఏ వాసనా లేదు. "మీ కస్టమర్లకి జలుబు చేసిందేమో" అన్నాను. జలుబు చేస్తే వాసన తెలియకుండా పోతుంది గానీ ఎక్కువెలా తెలుస్తుందని ఆయన వెళ్ళిపోయాక తట్టింది. అప్పటికే మెట్ల మీద నిలబడి మరిది పెళ్ళాం, ఆ కొత్తావిడ, అంతా వినేసింది. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పెట్టె వెనక గదిలో పడేశాను.

ఫిబ్రవరి 10

వాసనంటూ ఉంటే తప్పు కొవ్వుది. ఈయన ఈ మధ్య ముదురు గొర్రెల్ని కోస్తున్నారు. భోజనాల దగ్గర ఆ మాటే అంటే, "నా మాంసానికి వంక పెట్టకు, నీ సబ్బు సంగతి నువ్వు చూసుకో" అన్నారు. మాంసం కొట్టు ఆయనది. కొట్టులో మిగిలిన కొవ్వుతో చేసే సబ్బు మాది. అంటే నాదీ అత్తయ్యదీ.

మాది అనే అలవాటు ఇంకా పోలేదు. అత్తయ్య తుంటి విరిగి మంచాన పడ్డప్పటినుంచీ అంతా నేనే. అంతకుముందు కొవ్వు కాచడం ఆవిడ పని, కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి సబ్బు చెయ్యడం నా పని. నేను కిందికి దిగేసరికి గిన్నె నిండా తెల్లటి కొవ్వు గడ్డకట్టి సిద్ధంగా ఉండేది. అయినా కాచడంలో ఏముంది, మంట పెడితే అదే కరుగుతుంది. కలపడమే కళ. నా సబ్బు ఇంతవరకూ ఒక్కరి ఒంటికీ మండలేదు. కాస్టిక్ ఎంత పడాలో నాకు చేతి బరువుతోనే తెలిసిపోతుంది. ఆ మాట అత్తయ్యే వచ్చినవాళ్ళందరితో చెప్పేది.

ఇప్పుడు చెప్పడం లేదు.

ఫిబ్రవరి 13

మరిది ఈ కొత్తావిడని చేసుకుని తెచ్చి ఇంకా ఏడాది కాలేదు, అప్పుడే అత్తయ్య గది ఆవిడ సొంతమైపోయింది. పెళ్ళికి ముందు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసిందిగా, ఏది చేతికిచ్చినా వెలుతురుకి ఎత్తిపట్టి చూడటం, గుడ్డతో తుడవటం. మందు సీసా అయినా అంతే, చెంచా అయినా అంతే. అత్తయ్యని కూడా అలాగే తుడుస్తోంది.

ఇవాళ నేను పాలు తీసుకెళ్ళి పట్టబోతే అత్తయ్య మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"అక్కడ పెట్టెయ్. చిన్నది వచ్చి పట్టిస్తుంది."

పెట్టేసి బయటికొచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. చిన్నది వచ్చింది. అదే గ్లాసు, అవే పాలు. అత్తయ్య గటగటా తాగేసింది.

నాకేం బాధ లేదు. పని తగ్గింది.

ఫిబ్రవరి 14

నిన్న రాసింది నిజమే. నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 15

కొవ్వు కాచాను. పెద్ద పొయ్యి మీద, పెద్ద మంట. ముక్కలు చిటపటలాడుతుంటే పని చురుగ్గా సాగుతున్నట్టుంటుంది. అత్తయ్య గది కిటికీ పెరటివైపే. లోపలినుంచి ఏదో అరిచింది. వెళ్ళి చూస్తే, "మంట తగ్గించవే" అని విసుక్కుంది. చప్పుడుకి నిద్ర పట్టడం లేదు కాబోలు. కిటికీ మూసేసి వచ్చాను.

పెద్దవాళ్ళయ్యాక చప్పుడు పడదు. నేను అర్థం చేసుకుంటాను. చిన్నదైతే ఇంత అర్థం చేసుకుంటుందా?

ఫిబ్రవరి 17

ఈ సంగతి రాయకుండా ఉండలేను.

అత్తయ్య స్నానం బేసిన్‌లో ఒక సబ్బు చూశాను. తెల్లగా, గట్టిగా, అంచులు అక్కడక్కడా గరుకుగా ఉంది. నాది అలా ఉండదు. నాది తీగతో కోస్తాను, అంచు నునుపుగా వస్తుంది. ఇదెక్కడిదని చిన్నదాన్ని అడిగాను.

"ఇంట్లో చేసిందే అక్కా. అత్తయ్యగారికి బాగా పడింది" అని బేసిన్ ఎత్తుకుని చకచకా వెళ్ళిపోయింది.

ఇంట్లో చేసిందే! నేను సబ్బులివ్వడానికి ఊళ్ళోకి వెళ్ళిన పూట నా పొయ్యి మీద, నా గిన్నెలో, నాకు చెప్పకుండా చేసిందన్నమాట. ఎవరు నేర్పారు? ఇంకెవరు నేర్పుతారు, మంచం మీదున్నావిడే. నాకు నేర్పిన చేతులే.

ఇంతలో మరిది వచ్చి ఆ సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుని, "చూడు వదినా, అసలు వాసనే లేదు!" అన్నాడు. వాడి పెళ్ళాం కదా, ఇటుక తెచ్చి చూపించినా మురిసిపోతాడు. నేనూ వాసన చూశాను. నిజమే, ఏ వాసనా లేదు. వెంటనే వెళ్ళి నా సబ్బు తెచ్చి వాసన చూశాను. దానికీ ఏ వాసనా లేదు. రెండూ ఒకటే. అందరూ కూడబలుక్కుని నాటకమాడుతున్నారు.

ఫిబ్రవరి 20

నా సబ్బుకి వాసన ఉందని నేను ఒప్పుకోవడం లేదు. అయినా ఊరి నోరు మూయించాలి కదా. నిమ్మతొక్కలు ఎండబెట్టి పొడి కొట్టి కలిపాను.

ఈయన చెయ్యి కడుక్కుని చూసి, "నిమ్మకాయ పిండిన గొర్రెలా ఉంది" అన్నారు.

ఫిబ్రవరి 22

లవంగాలు దంచి కలిపాను. మరిది అభిప్రాయం: "పన్ను పీకించుకున్న గొర్రె, వదినా."

ఫిబ్రవరి 26

ఎలాంటి వాసననైనా కాఫీపొడి పీల్చేస్తుందని లాండ్రీ ఆవిడ చెప్పింది. కాఫీపొడి గుప్పెళ్ళతో వేశాను. సబ్బంతా నల్ల చుక్కలు. చూడటానికి కౌజుపిట్ట గుడ్డు పెంకులా ఉంది, నాకు నచ్చింది. లాండ్రీ ఆవిడకే ముందు ఒకటిచ్చాను. మొహమాటానికి పుచ్చుకుంది గానీ, కొంగుతో ముక్కు తుడుచుకున్నట్టు నటించడం చూశాను.

మా ఇంట్లో మాత్రం తిరుగులేని తీర్పు వచ్చేసింది. గొర్రె కాఫీ తాగిందట.

మార్చి 1

గులాబీ సెంటు. ఈసారి ఎవరూ ఏమీ అనకముందే నేనే అనేశాను, "పెళ్ళికెళ్తున్న గొర్రె" అని. అందరూ నవ్వారు. చిన్నది నవ్వలేదు. నా వైపు అదోలా చూసింది, జాలిగా. జాలి! ఆ చూపుకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. పాడైన బిళ్ళలన్నీ తీసుకెళ్ళి వెనక గదిలో సెలూన్ పెట్టె మీద గుమ్మరించాను.

మార్చి 3

వింత. వెనక గదిలో బిళ్ళలు తగ్గుతున్నాయి. నిమ్మవీ, లవంగాలవీ, కాఫీవీ, మామూలువీ అన్నీ. ఎలకలు సబ్బు తింటాయి గానీ బిళ్ళలకి బిళ్ళలు మోసుకుపోవు. ఎవరో నా సబ్బు వాడుతున్నారు. నలుగురి ముందు ముక్కు మూసుకుని, చాటుగా తీసుకెళ్తున్నారన్నమాట. ఎవరై ఉంటారు? ఈయనేనేమో. ఆయనకి పైకి చెప్పడం రాదు.

పొద్దున్నంతా హాయిగా ఉన్నాను.

వంటింట్లో ఉప్పు డబ్బా మళ్ళీ ఖాళీ. ఈ ఇంట్లో ఉప్పు తాగుతున్నారా ఏమిటి?

మార్చి 6

ఈయన కాదు. అడిగాను. "నాకేం ఖర్మ" అన్నారు.

మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి కనపడింది. అత్తయ్య కింద రబ్బరు దుప్పటి పరిచి చిన్నది ఒళ్ళు కడుగుతోంది. ఆ తెల్ల సబ్బుతో. మెడ వెనక, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో. అత్తయ్య కళ్ళు మూసుకుని ఏదో చెప్తోంది, అది తల వంచి వింటోంది. తర్వాత ఇద్దరూ నవ్వారు. అత్తయ్య నవ్వి ఎన్నాళ్ళయిందో. ఏం చెప్పుకున్నారో విందామని లోపలికి వెళ్ళాను. నన్ను చూడగానే మాట ఆపేశారు. బేసిన్ అంచుకి అంటిన నురుగు మాత్రం చప్పుడు లేకుండా జారుతోంది.

ఇది కుళ్ళు అంటారేమో తెలిసినవాళ్ళు. అయితే కుళ్ళే. నా చేతి మీద కాస్టిక్ పడిన రోజు, నేను కొత్త కోడల్ని, ఆవిడ నా చెయ్యి కుళాయి కింద పట్టుకుని, నేను ఏడుస్తుంటే తానూ ఏడుస్తూ, నీళ్ళు ఆపకుండా కూర్చుంది. "ఓర్చుకో పిల్లా, ఓర్చుకో" అని. మా అమ్మ కూడా నా చెయ్యి అంతసేపు పట్టుకోలేదు. అప్పటినుంచీ నేను ఆవిడకి పిల్లనే. చిన్నది వచ్చాకే నేను "పెద్దది" అయ్యాను. పెద్దదాన్ని పిలువు, పెద్దది ఎక్కడ, పెద్దదానికి చెప్పు. నన్ను పెద్దదాన్ని చెయ్యమని ఎవరడిగారు? ఒక్కదాన్ని ఉన్నప్పుడు నాకేం తక్కువైంది?

మార్చి 8

ఆ తెల్ల సబ్బులన్నీ తీసేశాను. అత్తయ్య గది అరలో గుడ్డలో చుట్టి దాచుకుంది మహారాణి. వాటిని మా గది బీరువాలో దుప్పట్ల కింద పెట్టాను.

ఎందుకు తీశానో రాయను.

మార్చి 9

ఇల్లంతా వెతుకుతోంది. నన్ను అడిగింది. ఎలకలేమో అన్నాను. సరే అక్కా అంది.

చూద్దాం. ఇప్పుడు ఏ సబ్బు వాడతారో, ఎవరి దగ్గరికి వస్తారో.

మార్చి 10

నా దగ్గరికి రాలేదు. బజారులో రంగు కాగితం చుట్టిన సబ్బు కొని తెచ్చుకుంది. కానీలే, నాకేం.

మార్చి 12

అత్తయ్యకి వీపంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. నడుము దగ్గర చర్మం చిట్లింది. పొద్దుటినుంచీ గోకుతూనే ఉంది. చిన్నది చేతులు పట్టుకుని ఆపుతుంటే చంటిపిల్లలా ఏడ్చింది. డాక్టరు వచ్చాడు. ఈ వయసులో చర్మం కాగితంలా ఉంటుంది, దొరికిన సబ్బల్లా రుద్దితే ఊరుకుంటుందా, ఇంతకుముందు ఏది వాడుతున్నారో అదే వాడండి, చిట్లిన చోట పుండు పడితే మాత్రం నేను చెప్పలేను అన్నాడు.

"అది పోయిందండీ" అంది చిన్నది. నా వైపు చూడకుండా అంది.

నేను గుమ్మం పక్కనే ఉన్నాను. బీరువా తాళంచెవి నా నడుముకే ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. కానీ నోరు రాలేదు. ఇప్పుడు తీసుకెళ్ళి ఇస్తే అందరికీ తెలిసిపోతుంది. ఇవ్వకపోతే ఆవిడ వీపు.

ఆ వీపు నాకు తెలుసు. ఆవిడకి చిన్న గాయం తగిలినా చప్పున మానేది కాదు ఎప్పుడూ.

మార్చి 13

పొద్దున్నే బీరువా తీశాను. ఇచ్చేద్దామనే తీశాను. ఇచ్చేముందు ఒక్కసారి దాని సంగతేమిటో చూద్దామనిపించింది. అంత గొప్ప సబ్బులో ఈ మహాతల్లి ఏం కలిపిందో! తీగ తెచ్చి ఒకదాన్ని నడిమికి కోశాను.

లోపల నల్ల చుక్కలు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను, దానిలాగే. గోటితో ఒక చుక్క పెకలించి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు. కాఫీపొడి. ఇంకోటి కోశాను. దాన్లో ఒక లవంగం తునక, సగం దంచింది. దంచేటప్పుడు నాకు ఓపిక ఉండదు, తునకలు వదిలేస్తాను.

నా కాఫీ. నా లవంగం.

వెనక గదికి వెళ్ళాను. పెట్టె అడుగున నాలుగు బిళ్ళలు మిగిలాయి. మూలన పాత గిన్నె బోర్లించి ఉంది. తిప్పి చూస్తే అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నేను ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది నా సబ్బుని చూసే.

అదే రోజు, సాయంత్రం

చిన్నదాన్ని పెరట్లోకి పిలిచి సబ్బులు చేతిలో పెట్టాను.

"దొరికాయి" అన్నాను. "ఎలకలే అయ్యుంటాయి."

"ఎలకలు దుప్పట్లు మడతపెట్టి పైన కప్పవు అక్కా" అంది. మొన్న నేను బీరువాకి తాళం వెయ్యడం మరిచినప్పుడు చూసిందట. చూసి ఊరుకుంది.

"చూసినదానివి తీసుకోలేదేం?"

"మీరే తెచ్చిస్తారనుకున్నాను. నిన్న డాక్టరు వెళ్ళాక మాత్రం, ఇవాళ కూడా ఇవ్వకపోతే తాళంచెవి అడిగి నేనే తీసేద్దామనుకున్నాను."

ముందు వెళ్ళి దాంతో అత్తయ్య వీపు కడిగి రమ్మన్నాను. వచ్చాక అడిగాను, ఇదంతా ఏమిటని.

"మొదట నేనే సొంతంగా చేశానక్కా. గడ్డకట్టలేదు. మళ్ళీ చేస్తే గడ్డకట్టింది గానీ నా చేతులే మండిపోయాయి. అత్తయ్యగారికి చూపిస్తే విసిరికొట్టినంత పని చేశారు. 'నీ సబ్బు నాకొద్దు, పెద్దదాని సబ్బే కావాలి, దాని సబ్బు ఒంటికి మండదు' అన్నారు. కాకపోతే వాసన భరించలేకపోతున్నారు. మందులు మొదలైనప్పటినుంచీ ఏ చిన్న వాసనకైనా వాంతి వస్తోంది ఆవిడకి. అందుకని ఆవిడే చెప్పారు. మీ బిళ్ళలు తురిమి, నీళ్ళు పోసి, ఉప్పేసి ఉడకబెట్టమని. సబ్బు ముద్దలా పైకి తేలుతుంది, కంపంతా కింద నీళ్ళలోకి దిగిపోతుంది. పైది తీసుకుని మళ్ళీ అలాగే. నీళ్ళు తేటగా వచ్చేదాకా."

"నీళ్ళు ఎలా వస్తాయి మొదట్లో?"

"టీ రంగులో వస్తాయక్కా."



"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పొద్దన్నారు. 'అది మొండిది, మాటపడితే సబ్బు చెయ్యడమే మానేస్తుంది' అన్నారు."

ఇంకొక్కటి అడగాలి. అడగకూడదనుకున్నాను గానీ అడిగేశాను. "పాలు పట్టబోతే నన్ను చూసి మొహం తిప్పుకుంటుందెందుకు?"

అది తల వంచుకుంది. చెప్పమన్నాను. చెప్పమని గట్టిగా అన్నాను.

"మీ చేతులక్కా. జుట్టు, బట్టలు... అన్నీ. రోజంతా ఆ పొయ్యి దగ్గరే ఉంటారుగా, మీ ముక్కు అలవాటుపడిపోయింది. మీకు తెలియదు."

మార్చి 14

నా సబ్బే కావాలందట.

మార్చి 15

నా సబ్బే కావాలందట. పెద్దదాని సబ్బే కావాలందట. ఆ మాట నాతో అనలేదు, దానితో అంది. నిన్నంతా సంతోషంగా తిరిగాను. ఇవాళ మళ్ళీ మొదలైంది. వాళ్ళిద్దరి మధ్యా ఒక గుట్టు ఉంది. అది నా గురించే అయినా అందులో నాకు చోటు లేదు. నా మొండితనం గురించి ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. ప్రేమగానే నవ్వుకున్నారేమో. అయినా సరే.

ఒళ్ళంతా ఆ ఉప్పులో ఉడికిన సబ్బుతో తోముకున్నాను. జుట్టు కూడా. బట్టలన్నీ నానబెట్టాను. చేతులు వాసన చూసుకున్నాను. ఏమీ తెలియలేదు. ముందూ ఏమీ తెలియలేదు, ఇప్పుడూ ఏమీ తెలియలేదు. నా ముక్కుని నేను నమ్మలేనని తెలిశాక ఏం చెయ్యాలో తోచలేదు.

మార్చి 16

వీపు కాస్త నయం. ఎరుపు తగ్గింది. చిట్లిన చోట చీము పట్టలేదు.

మార్చి 18

అత్తయ్య గదిలోకి వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయి అక్కడినుంచే అడిగాను.

"మీరు కొవ్వెలా కాచేవారు అత్తయ్యా?"

ఆవిడ నా వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళకా అడగడం?" అంది. "నువ్వు కాస్తుంటే ఇక్కడికి చిటపటలు వినిపిస్తాయి. అది మాడుతున్న చప్పుడే పిచ్చిదానా. నా కొవ్వు ఎప్పుడైనా నోరెత్తిందా? మంట తగ్గించవే అని అరిస్తే వచ్చి కిటికీ మూసిపోయావు."

నేను సిగ్గుతో తల ఎత్తలేదు. చప్పుడు పడక అంటోందని ఎంత తేలిగ్గా రాసుకున్నానో, ఆ పేజీ ఇక్కడే ఉంది.

"కాచడం కూడా పిండివంటలా నేర్పాల్సిన విద్య అనుకోలేదు నేను" అంది మళ్ళీ. "నువ్వూ ఎప్పుడూ వచ్చి చూడలేదు. కాచడం తక్కువ పని, కలపడం గొప్ప పని నీకు."

"అవును" అన్నాను.

"ఆ కిటికీ తెరువు."

మార్చి 19

పొయ్యి అత్తయ్య కిటికీ కిందికి జరిపించాను. ఆవిడని దిండ్ల మీద కాస్త ఎత్తి కూర్చోబెట్టింది చిన్నది. ఆవిడ లోపలినుంచి చెప్తుంది, నేను బయట చేస్తాను.

కొవ్వుకి అంటుకున్న మాంసం పీచు, నెత్తురు మరక ఒక్కటి కూడా ఉండకూడదట. నేను ఇన్నాళ్ళూ గుప్పెళ్ళతో గిన్నెలో పడేసేదాన్ని. చన్నీళ్ళలో నానబెట్టి, పిండి, చిన్న ముక్కలు తరిగి, మునిగేలా నీళ్ళు పోసి ఉప్పు వెయ్యాలట. మంట ఎంత అంటే, ఉందా లేదా అని వంగి చూసుకునేంత. మొదటి గిన్నె పెట్టి పక్కకి వెళ్ళాను. ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు కాలు నిలవదు. అలవాటుగా వచ్చి పుల్ల ఎగదోశాను.

"చప్పుడు వస్తోంది!" అని కిటికీలోంచి అరిచింది.

తీసేశాను. కూర్చున్నాను. నేను పొయ్యి దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి.

మార్చి 20

చల్లారిన గిన్నెలో కొవ్వు పైన గట్టిపడి తేలింది. బోర్లించి చూస్తే అడుగున జిగట జిగటగా బూడిద రంగు పొర. "కంపంటే ఇదే" అంది అత్తయ్య. కత్తితో గీకి పారేసి, మళ్ళీ నీళ్ళూ ఉప్పూ వేసి కరిగించాను. మళ్ళీ గీకాను. మూడోసారికి కొవ్వు మైనంలా తెల్లగా వచ్చింది. పెళ్ళైన కొత్తలో నేను కిందికి దిగేసరికి గిన్నెలో ఉండేది సరిగ్గా ఇదే. దీని వెనక ఇంత పని ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

నా ముక్కు పనిచెయ్యదు. అత్తయ్యకి చూపిస్తే, బాగోకపోయినా నా కోసం బాగుందని అనేస్తుందేమోనని భయం. చిన్నదాన్ని పిలిచాను. గిన్నె వెలుతురుకి తిప్పి చూసి, వంగి గట్టిగా పీల్చింది.

"ఇంకా కొంచెం ఉందక్కా."

ఎంత ధైర్యం! అని ఒక్క క్షణం అనిపించింది. నాలుగోసారి కాచాను.

మార్చి 21

"లేదు అక్కా" అంది.

సబ్బు కలిపాను. కాస్టిక్ చెయ్యి తప్పలేదు. చిన్నదాన్ని పక్కన నిలబెట్టుకుని చేతి బరువు ఎలా చూడాలో చూపించాను. అన్నీ చూపించలేదు. కొంత నా దగ్గర ఉంచుకున్నాను.

ఏప్రిల్ 2

సబ్బు ఆరుతోంది. రోజుకొకసారి వెళ్ళి తాకి వస్తున్నాను. చిన్నది కూడా వెళ్ళి తాకి వస్తోంది, బిళ్ళల మీద వేలిగుర్తులు కనపడుతున్నాయి.

ఏప్రిల్ 19

సెలూన్ ఆయనకి ఒకటి పంపాను. ఒక్కటే. పెట్టె కావాలంటే ఆయనే రావాలి.

ఏప్రిల్ 25

ఇవాళ అత్తయ్యకి స్నానం నేను చేయించాను.

ముందుగా చిన్నది నా చేతులు, జడ, భుజం అన్నీ వాసన చూసి సరే అంది. నేను వెళ్ళి రబ్బరు దుప్పటి పరిచాను. నీళ్ళ వేడి మోచేత్తో చూశాను. సబ్బు తడిపి, ముందు పాదాలతో మొదలుపెట్టాను, మొహం దగ్గరికి వెళ్ళడానికి భయమేసి. పాదాలు, పిక్కలు, చేతులు. అక్కడినుంచి భుజాలు. ఇక మొహమే మిగిలింది. దగ్గరికి వంగాను. ఊపిరి బిగబట్టాను, బిగబట్టాల్సింది ఆవిడైతే.

తిప్పుకోలేదు. గోడవైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, తడి చెయ్యే, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ పాత మచ్చ ఉన్న చోటే పెట్టుకుంది. కాసేపలా ఉంచేసి, "నీళ్ళు చల్లబడిపోతున్నాయే పిల్లా, తొందరగా కానీ" అంది.

పిల్లా అంది.

నీళ్ళు కళ్ళలోంచి వచ్చాయో చెంబులోంచి వచ్చాయో చూసుకోలేదు. తల ఎత్తితే చిన్నది తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రావాలో వద్దో తెలియక ఒంటి కాలి మీద బరువు వేసి, పెదవి కొరుక్కుంటూ మా ఇద్దరినీ చూస్తోంది. ఆ మొహం నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఆ మొహమే వేసుకుని ఆ గుమ్మంలోనే నిలబడ్డాను.

కాసేపు అలాగే చూడనిచ్చాను.

తర్వాత, "తువ్వాలు అక్కడ పెట్టి రా చెల్లీ, వీపు నువ్వు రుద్దు" అని పిలిచాను.